గుడారపు యాత్రలు: కనిపించే అడవి, కనిపించని చేతులు

యాత్రాసాహిత్యాన్ని మన విమర్శ చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టింది. కథకీ, నవలకీ, కవిత్వానికీ వేసిన ప్రశ్నలు యాత్రాకథనానికి వెయ్యలేదు. చూసింది చూసినట్టు రాశాడు గదా, అందులో దృక్పథం ఏముంటుందన్న అమాయకమైన నమ్మకమే దీనికి కారణం. కానీ కొండని కొండ అనీ, నదిని నది అనీ రాసినంత మాత్రాన రచన నిష్పాక్షికమైపోదు. రచయిత ఏ కొండ ముందు ఆగాడు, ఎంతసేపు ఆగాడు, అక్కడికి చేర్చిన దారి ఎవరు వేశారో చెప్పాడా, లేదా? ఈ ఎంపికల్లోనే అతని పక్షం బయటపడుతుంది.

ఈ వ్యాసానికి నేను తీసుకున్న వస్తువు చిన్నది. ఉత్తర అమెరికా జాతీయోద్యానాల్లో గుడారం వేసుకునో, బండికి తగిలించిన చిన్న ఇంట్లోనో నెలలూ సంవత్సరాలూ గడిపిన దంపతుల రాతలు. ఇంత దూరపు వస్తువు మనకెందుకని ఎవరైనా అడగొచ్చు. ఆ దేశంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళూ, వాళ్ళ దగ్గరికి వెళ్ళివచ్చే తల్లిదండ్రులూ ఎల్లోస్టోన్ గురించీ, యోసెమిటీ గురించీ, గ్రాండ్ కాన్యన్ గురించీ ఇప్పుడు విరివిగా రాస్తున్నారు. ఏ చట్రంలో రాస్తున్నారో వాళ్ళకి తెలియదు. ఆ చట్రం వాళ్ళకంటే ముందే తయారై ఉంది. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోకుండా వాళ్ళ రచనల్ని అంచనా కట్టడం కుదరదు.

మామూలుగా కథ ఇలా నడుస్తుంది. ఉద్యోగ విరమణ చేసిన భార్యాభర్తలు ఇల్లు అమ్మేస్తారు. సామాను పంచిపెడతారు. ఒక ట్రైలరో, లోపలే మంచమూ పొయ్యీ ఉన్న పెద్ద బండో కొంటారు. చలికాలం అరిజోనా ఎడారిలో, వేసవి మోంటానాలోనో కెనడా రాకీ పర్వతాల్లోనో గడుస్తుంది. రోజూ దినచర్య రాస్తారు. ఇవాళ ఎన్ని మైళ్ళు నడిపాం, క్యాంపుగ్రౌండులో ఎన్నో నంబరు స్థలం దొరికింది, రాత్రికి ఎంత కట్టాం, నీళ్ళూ కరెంటూ ఉన్నాయా, తెల్లవారేసరికి ఏ జంతువు కనిపించింది. సాహిత్య విద్యార్థులు ఈ పొడి లెక్కల్ని చూసి పెదవి విరుస్తారు. నాకు మాత్రం ఈ లెక్కలే వీటిలో నమ్మదగ్గ భాగమనిపిస్తుంది. సూర్యాస్తమయం దగ్గరికి వచ్చేసరికి అందరి వాక్యాలూ ఒకటైపోతాయి. రాత్రికి కట్టిన అద్దె దగ్గర ఎవరి బతుకు వాళ్ళది.

62 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులకి అక్కడి ప్రభుత్వం జీవితకాలపు ప్రవేశపత్రం ఒకటి అమ్ముతుంది. దాని ఖరీదు 2017 ఆగస్టులో 10 డాలర్లనుంచి 80 డాలర్లకి పెరిగింది. అది చేతిలో ఉంటే ఫెడరల్ క్యాంపుగ్రౌండులు చాలావాటిలో అద్దె సగమే. ఈ కార్డు లేకపోతే ఈ సాహిత్యంలో సగం పుట్టేది కాదేమో. అయినా వీటిలో మాటిమాటికీ వినిపించే పదం 'స్వేచ్ఛ'. ఆ స్వేచ్ఛకి ఎవరి శ్రమ ఆధారమన్నదే ఇక్కడ మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఈ కోవలో అన్నిటికంటే గౌరవించదగ్గవి మ్యూరీ దంపతుల పుస్తకాలు. ఓలాస్ మ్యూరీ జీవశాస్త్రజ్ఞుడు, ప్రభుత్వోద్యోగి. మార్గరెట్ అలాస్కాలోని ఫెయిర్‌బాంక్స్‌లో పెరిగింది. అక్కడి కళాశాలనుంచి 1924లో పట్టం పుచ్చుకున్న మొదటి స్త్రీ ఆమే. అదే సంవత్సరం ఆగస్టులో యూకాన్ నది ఒడ్డున ఆన్విక్ అనే ఊళ్ళో పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన వెంటనే కారిబూ జింకల మందల్ని పరిశీలించడానికి కోయుకుక్ నది ఎగువకి బయల్దేరారు. పడవ మీదా, కుక్కలు లాగే బండి మీదా సుమారు 550 మైళ్ళ ప్రయాణం. 1926లో పసిబిడ్డని పడవలో వేసుకుని, పెద్దబాతుల కాళ్ళకి గుర్తుపట్టీలు కట్టడానికి ఓల్డ్ క్రో నది వెంట వెళ్ళారు. దారిలో పడవ ఇంజను విరిగింది. వెనక్కి తిరగలేదు, గెడలు వేసుకుంటూ ఎదురుప్రవాహంలోనే సాగిపోయారు. ఈ ప్రయాణాల కథనే మార్గరెట్ 1962లో 'టూ ఇన్ ద ఫార్ నార్త్' పేరుతో ప్రచురించింది. 1927నుంచి వాళ్ళ మకాము వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ హోల్ లోయకి మారింది. ఆ లోయలో చాలాభాగం తర్వాత గ్రాండ్ టీటన్ జాతీయోద్యానంలో కలిసింది. ఎల్క్ దుప్పుల పరిశోధన కోసం అక్కడ ముగ్గురు పిల్లలతో ఎన్నో వేసవులు గుడారాల్లో గడిపారు. ఆ బతుకు గురించి ఇద్దరూ కలిసి రాసిన 'వాపిటీ విల్డర్‌నెస్' ఓలాస్ చనిపోయిన మూడేళ్ళకి, 1966లో వెలువడింది.

ఈ రెండో పుస్తకం నిర్మాణాన్ని మన విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. ఇందులో భార్యా భర్తా అధ్యాయాలు పంచుకుని మార్చి మార్చి రాశారు. ఆయన దుప్పుల గురించీ, అడుగుజాడల గురించీ, మేత గురించీ రాస్తాడు. ఆమె మకాము గురించీ, పొయ్యి గురించీ, పిల్లల గురించీ, ఆ లోయలోని ఇరుగుపొరుగు గురించీ రాస్తుంది. దీన్ని శిల్పవైవిధ్యం అని మెచ్చుకుని ఊరుకునే విమర్శకులుంటారు. నాకిది శ్రమవిభజనకి అచ్చమైన ప్రతిబింబంలా కనిపిస్తుంది. ఆయన పనికి జీతం ఉంది. ఆమె పనికి లేదు. కానీ పుస్తకంలో ఆమె పనికీ సమానంగా చోటు ఉంది. ఆయన దుప్పుల వెంట కొండెక్కిన పగలు గుడారం దగ్గర ఏం జరిగిందో పాఠకుడికి తెలుస్తుంది. ఇది చిన్న విషయంగా తీసిపారేయవద్దు. తొమ్మిదో తరగతి పిల్లలచేత నేను ఏటా విహారయాత్ర మీద వ్యాసం రాయిస్తుంటాను. పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నామని అందరూ రాస్తారు. తెల్లవారుజామున లేచి దాన్ని ఎవరు కలిపారో ఒక్క నోటుపుస్తకంలోనూ ఉండదు. మార్గరెట్ రచనలో ఆ కలిపిన చెయ్యి ఉంది. ఆ పంపకం అలాగే ఎందుకుండాలని ఆమె అడగలేదన్నది నిజమే. తన పనిని ఆనందంగానే చెప్పుకుంది. అడగకపోవడం ఆ రచనకున్న పరిమితి. చెప్పడం దాని నిజాయితీ.

మరో వైరుధ్యం ఇంతకంటే లోతైనది. 1956లో వాళ్ళిద్దరూ అలాస్కాలోని షీన్‌జెక్ నది లోయలో ఒక వేసవి గడిపారు. ఆ యాత్రా, దాని వెనక జరిగిన ప్రచారమూ కలిసి 1960లో ఆర్కిటిక్ వన్యప్రాణి రక్షితప్రాంతం ఏర్పడడానికి దోహదం చేశాయి. 1964లో అమెరికా ప్రభుత్వం చేసిన అరణ్య చట్టం వెనక కూడా ఈ దంపతుల కృషి ఉంది. ఆ చట్టం అరణ్యాన్ని ఎలా నిర్వచించింది? మనిషి వచ్చిపోయే సందర్శకుడే తప్ప నివసించేవాడు కాని చోటు అని. మ్యూరీల పుస్తకాల నిండా మాత్రం అడవిలో నివసించేవాళ్ళే. వేటగాళ్ళు, పడవవాళ్ళు, ఆదివాసులు, చివరికి పసిబిడ్డతో వాళ్ళు కూడా. రచన ఒకటి చెప్పింది, రచయితలు కోరిన చట్టం ఇంకొకటి చెప్పింది. ఇలాంటి చోట రచయిత ప్రకటించుకున్న ఆశయాన్ని పక్కన పెట్టి, రచనలో ఆవిష్కృతమైన జీవితాన్నే మనం ప్రమాణంగా తీసుకోవాలి. 1980లో వచ్చిన అలాస్కా భూముల చట్టం అక్కడి గ్రామీణులు బతుకుదెరువు కోసం వేటాడే హక్కుని చాలాచోట్ల గుర్తించింది. జీవితమే చట్టాన్ని కొంత సరిదిద్దిందని చెప్పాలి.

మ్యూరీ పుస్తకం వచ్చిన 1962లోనే, ఇంతకంటే ఎన్నో రెట్లు పేరు మోసిన ఇంకో యాత్రాకథనం వెలువడింది. అది జాన్ స్టైన్‌బెక్ రాసిన 'ట్రావెల్స్ విత్ చార్లీ'. ఆ సంవత్సరమే ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వలసకూలీల కష్టాన్ని ప్రపంచానికి చెప్పిన రచయిత కాబట్టి మన అభ్యుదయ పాఠకులకి ఆయనంటే సహజంగానే అభిమానం. 1960 సెప్టెంబరులో లారీ మీద అమర్చిన చిన్న గదిలో, చార్లీ అనే కుక్కతో, ఒంటరిగా దేశం చుట్టబెట్టానని పుస్తకం చెబుతుంది. బండికి డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టుకున్నాడు. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లని చూసి కుక్క వీరంగం వేస్తే అక్కణ్ణించి తొందరగా బయటపడతాడు. హాస్యంగా రాశాడు, బాగానే ఉంది.

అయితే 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే పత్రికారచయిత అదే దారి పట్టి వెళ్ళి, తొలి వ్రాతప్రతిని కూడా చదివి, పుస్తకంలో కనిపించినంత ఒంటరితనం ఆ ప్రయాణంలో లేదని తేల్చాడు. చాలా రాత్రులు గడిచింది హోటళ్ళలోనూ మోటళ్ళలోనూ. చాలా రోజులు భార్య ఇలేన్ వెంటే ఉంది. పసిఫిక్ తీరం వెంట వ్రాతప్రతిలో కనిపించిన ఆమె, అచ్చయిన పుస్తకంలో దాదాపు మాయమైంది. 2012లో వచ్చిన కొత్త ముద్రణ ముందుమాట కూడా దీన్ని అక్షరాలా వాస్తవంగా తీసుకోవద్దని పాఠకుణ్ణి హెచ్చరించింది.

మోటల్లో పడుకున్నాడా గుడారంలో పడుకున్నాడా అన్న గొడవ నాకు ముఖ్యం కాదు. కల్పన చెయ్యని యాత్రికుడు లేడు. ఏది కొట్టేశాడన్నదే చూడాలి. దంపతుల ప్రయాణం ఏకాకి పురుషుడి సాహసంగా మారాలంటే కొట్టెయ్యవలసింది భార్యని. ఒంటరి మగవాడు, బండి, విశాలమైన దేశం: ఈ మూసకి ఇలేన్ అడ్డొచ్చింది. కూలీల డేరాలని అంత నిశితంగా చూసిన కలం సొంత బండిలో కూర్చున్న మనిషిని దాటిపోయింది. ఇంతమాత్రాన పుస్తకాన్ని విసిరి పారెయ్యమని నేననను. న్యూ ఆర్లియన్స్‌లో బడికి వెళ్తున్న నల్లజాతి పసిపిల్ల మీద తెల్ల ఆడవాళ్ళు గుంపుగా చేరి తిట్లు కురిపించిన దృశ్యం ఇందులోనే ఉంది. ఆ పేజీలు నిలుస్తాయి. ఒంటరితనం గురించి రాసినవి నిలవవు.

ఇంతవరకూ గుడారం లోపలి సంగతి. గుడారం వేసిన నేల సంగతేమిటి? ఇక్కడ అమెరికన్ యాత్రాకథనాల్లో చాలావాటికి నోరు పెగలదు.

దినచర్యల్లో 'మా స్థలం' అని రాసుకునే ఆ క్యాంపుగ్రౌండు తనంతట తాను మొలవలేదు. 1915 ఆగస్టు 1న ఎల్లోస్టోన్‌లోకి కార్లని అనుమతించారు. ఆ తర్వాత ఉద్యానాల్లో జనం ఎక్కడపడితే అక్కడ బండి ఆపి గుడారం వేసేవాళ్ళు. చక్రాల కింద నేల గట్టిపడి, వేళ్ళు నలిగి చెట్లు చచ్చిపోతున్నాయని గమనించినవాడు మైనెకీ అనే వృక్షవ్యాధుల శాస్త్రజ్ఞుడు. ఒకేవైపు తిరిగే చుట్టుదారి, దానికి పక్కగా బండి నిలిపే కొసదారి, బండి దాటి రాకుండా అడ్డంగా బండరాళ్ళూ దుంగలూ, ఒక్కో కుటుంబానికి ఒక బల్లా ఒక పొయ్యీ. 1932లో ఆయన సూచించిన ఈ నమూనాయే నేటికీ అక్కడి క్యాంపుగ్రౌండులకి ఆధారం. దాన్ని నేలమీద కట్టింది ఎవరు? ఆర్థికమాంద్యంలో పనిలేక తిరుగుతున్న యువకులు. 1933నుంచి 1942 దాకా నడిచిన ప్రభుత్వ పథకంలో సుమారు 30 లక్షలమంది పనిచేశారు. నెలకి 30 డాలర్ల జీతం, అందులో 25 నేరుగా ఇంటికి వెళ్ళేది. నల్లవాళ్ళకి వేరే శిబిరాలు. అడవిలో 'సహజంగా' కనిపించే రాతిమెట్టులో ఆ కుర్రాళ్ళ వెన్నెముక ఉంది. కెనడాలోని బాంఫ్ ఉద్యానంలో 1915–17 మధ్య దారులు వేసినవాళ్ళు ఖైదీలు. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రుదేశపు పౌరులన్న పేరుతో క్యాజిల్ పర్వతం కింద నిర్బంధించిన ఉక్రేనియన్లూ, మరికొందరు వలసకూలీలూ.

ఇంకా వెనక్కి వెళితే ఖాళీ చేయించిన చరిత్ర ఉంది. 1851లో మరిపోసా దళం అనే సాయుధుల ముఠా యోసెమిటీ లోయలోకి దిగి అవానీచీ ప్రజల్ని తరిమింది. పాశ్చాత్య లోకానికి ఆ లోయ అందం తెలిసింది ఆ తరిమిన దారినే. లోయ 1864లో కాలిఫోర్నియా రాష్ట్రం చేతికి వచ్చింది. చుట్టుపక్కల ఎత్తైన ప్రాంతం 1890లో జాతీయోద్యానమైంది. మిగిలిన కొద్ది ఆదివాసీ కుటుంబాల పల్లెని ఉద్యాన యంత్రాంగం 1969లో తుడిచిపెట్టింది. ఇళ్ళు కొన్ని అగ్నిమాపక దళానికి మంటలార్పే అభ్యాసంలో కాలిపోయాయి. 1910లో గ్లేసియర్ ఉద్యానం ఏర్పడినప్పుడు, 1895 ఒప్పందంలో తమకి మిగిల్చుకున్న వేట హక్కునీ కలప హక్కునీ బ్లాక్‌ఫీట్ తెగ పోగొట్టుకుంది. అదే కాలంలో కెనడాలో జాస్పర్ ఉద్యానం కోసం మేటీ కుటుంబాలని లేవగొట్టారు. వర్జీనియాలో షెనాండోవా ఉద్యానానికి 1930లలో సుమారు 500 పేద తెల్ల రైతుకుటుంబాలు కొండలు దిగిపోవలసి వచ్చింది. అంటే, జాతి ఒక్కటే కాదు, వర్గం కూడా ఇక్కడ పనిచేసింది.

అలా చూస్తే, ఉద్యానంలో నిలబడి 'మనిషి అడుగు పడని నేల' అని రాసిన వాక్యం వర్ణన కాదు. ఒక పరిపాలనా చర్యకి కవిత్వం తొడగడం.

ఈ నేపథ్యంలో చదవవలసిన పుస్తకం 'లెగసీ ఆన్ ద ల్యాండ్'. ఫ్రాంక్, ఆడ్రీ పీటర్‌మన్ అనే నల్లజాతి దంపతులు 2009లో వెలువరించారు. ఆడ్రీ పుట్టింది జమైకాలో. వీళ్ళు 1995లో ఫ్లారిడానుంచి బయల్దేరి దేశం చుట్టూ జాతీయోద్యానాలు చూస్తూ తిరిగారు. దారి పొడుగునా కొండలూ లోయలూ ఎంత కనిపించాయో, తమలాంటి రంగు మనుషులు అంతగా కనిపించలేదు. సందర్శకుల్లోనూ లేరు, ఉద్యోగుల్లోనూ లేరు. వచ్చాక దీన్నే జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు.

తెల్ల దంపతుల పుస్తకాల్లో అడవి అంటే భయం ఎలుగుబంటిది. నల్ల దంపతులకి అడవి అంటే భయం మనిషిది. చెట్టుకి వేలాడదీసి చంపిన చరిత్ర ఉన్న జాతికి, చీకట్లో ఊరికి దూరంగా గుడారం వెయ్యడం అందరికీ ఉన్నంత తేలికైన సరదా కాదు. 1936లో మొదలై మూడు దశాబ్దాలు వెలువడిన 'గ్రీన్ బుక్' నల్లవాళ్ళు ఏ ఊళ్ళో ఏ ఇంట్లో బస చేస్తే ప్రాణభయం ఉండదో చెప్పే కరదీపిక. అదీ యాత్రాసాహిత్యమే. ఇందాక చెప్పిన షెనాండోవాలో, రైతుల్ని దింపేసిన అదే కొండమీద, 1939లో లూయిస్ మౌంటెన్ అని నల్లవాళ్ళకి వేరే క్యాంపుగ్రౌండు తెరిచారు. 1950 నాటికి గాని ఆ విభజన పూర్తిగా పోలేదు. మరోవంక చరిత్రలో ఇంకో విషయమూ ఉంది. 1903లో సెకోయా ఉద్యానానికి అధిపతిగా పనిచేసి దారి వేయించినవాడు చార్ల్స్ యంగ్ అనే నల్లజాతి సైనికాధికారి. ఇలాంటి మరుగుపడ్డ చరిత్రని పాఠకుల ముందుకి తెచ్చిన పని పీటర్‌మన్ దంపతులది. ఆ మేరకు అది యాత్రాకథనంకంటే పెద్ద పని.

అయితే పుస్తకం ఉపశీర్షికలోనే ఒక చిక్కుంది. ఈ ఉద్యానాలు 'మన జాతీయ వారసత్వం' అంటుంది. వారసత్వం అంటే ఎవరో పోయాక మనకి వచ్చింది అని. ఎవరు పోయారు, ఎలా పోయారు? ఆస్తిలో వాటా రానివాడు వాటా అడగడం న్యాయమే. ఆ ఆస్తి ఎవరినుంచి లాక్కున్నదో కూడా అడిగితే ఆ న్యాయం పూర్తవుతుంది. అణచివేతకి గురైనవాళ్ళు హక్కు కోరే భాష కూడా ఒక్కోసారి అణచినవాళ్ళు తయారుచేసిన భాషే అవుతుంది. మన సాహిత్యంలోనూ ఇందుకు ఉదాహరణలు వెతుక్కోవచ్చు.

ఇక జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన 'నోమాడ్‌లాండ్' దగ్గరికి వస్తే మొత్తం చట్రమే తలకిందులవుతుంది. ఇందులోనూ ముసలివాళ్ళు, బండ్లు, క్యాంపుగ్రౌండులు, ఎడారి శీతాకాలం ఉన్నాయి. విశ్రాంతి ఒక్కటే లేదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్ళూ పొదుపులూ పోగొట్టుకున్నవాళ్ళు వీళ్ళు. ప్రధానపాత్ర లిండా మే జీవితమంతా రకరకాల పనులు చేసింది. 60 దాటాక చేతికొచ్చే పింఛను నెలకి సుమారు 500 డాలర్లు. అద్దెకి చాలదు. అందుకని జీపుకి తగిలించిన చిన్న ట్రైలరే ఇల్లు. వేసవిలో కాలిఫోర్నియా అడవిలో క్యాంపుగ్రౌండు కాపలా, అంటే మరుగుదొడ్లు కడగడం, పొయ్యిల్లో బూడిద ఎత్తడం, రాత్రిపూట గోల చేసేవాళ్ళని బతిమాలడం. పండగల ముందు అమెజాన్ గిడ్డంగిలో పని. దంపతుల దినచర్యల్లో 'క్యాంపుగ్రౌండు శుభ్రంగా ఉంది' అని ఒక వాక్యం వస్తూ ఉంటుంది. ఆ వాక్యం వెనక చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషి లిండా మే. చదువుతూ ఆ రెండు పుస్తకాలనీ పక్కపక్కన పెట్టుకున్నాకగాని నాకు ఈ సాహిత్యం స్వరూపం స్పష్టం కాలేదు. ఒకే చోట, ఒకే వయసు, ఒకే తరహా బండి. ఒకరు అద్దె కట్టి ఉంటారు. ఒకరు ఆ అద్దెకి బదులు పనిచేసి ఉంటారు.

2020లో క్లోయీ జావ్ దీన్ని సినిమాగా తీసింది. వెనిస్‌లో స్వర్ణసింహం, 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కారు వచ్చాయి. లిండా మే తానుగానే నటించింది. కల్పితపాత్ర ఫెర్న్ భర్తని పోగొట్టుకున్న స్త్రీ. నెవాడాలోని ఎంపైర్ అనే ఊరు, అక్కడి జిప్సం కర్మాగారం 2011లో మూతపడటంతో ఖాళీ అయితే రోడ్డెక్కుతుంది. బ్యాడ్‌లాండ్స్ జాతీయోద్యానంలో క్యాంపుగ్రౌండు పని చేస్తుంది. దృశ్యాలు గొప్పగా ఉన్నాయి, అనుమానం లేదు. కానీ పుస్తకంలో గిడ్డంగి పని శరీరాల్ని నలిపే పని; సినిమాలో అది మెత్తగా జరిగిపోతుంది. పుస్తకంలో కోపం పింఛను మీదా, అద్దెల మీదా, యజమానుల మీదా ఉంది. సినిమాలో కోపం కరిగి దుఃఖమైంది, దుఃఖం కొండల మీద వెలుగులో కలిసిపోయింది. సామాజిక కారణం ఉన్న కష్టాన్ని వ్యక్తిగత శోకంగా మార్చడం కళలో చాలా పాత యుక్తి. చేసిన చెయ్యి నేర్పరిదైనప్పుడే దాన్ని ఎక్కువ జాగ్రత్తగా గమనించాలి.

ఇప్పుడు మన రచనల సంగతి. అమెరికా వెళ్ళివచ్చిన తెలుగువాళ్ళ యాత్రాకథనాల్లో ఎల్లోస్టోన్ అధ్యాయం దాదాపు ఒకేలా ఉంటుంది: భూమిలోంచి చిమ్మే వేడినీరు, దేవుడి సృష్టి మీద ఒక పేరా, రోడ్ల శుభ్రత మీద ఒక పేరా, మన దేశంలో ఇలా ఎందుకు లేదని నిట్టూర్పు. ఆ నేలకి 27 తెగల ప్రజలతో సంబంధం ఉందని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. 1877లో సైన్యం తరుముతుంటే నెజ్ పర్స్ ప్రజలు పిల్లాపాపలతో, ఏర్పడి అయిదేళ్ళయిన ఆ ఉద్యానం మీదుగానే పారిపోయారు. అక్కడ విహారానికి వచ్చిన యాత్రికులకి ఎదురుపడ్డారు కూడా. మనవాళ్ళు ఇది రాయరు. తెలియక రాయరు, నిజమే. కానీ రోడ్డు శుభ్రత తెలిసినవాళ్ళకి రోడ్డు చరిత్ర ఎందుకు తెలియలేదన్న ప్రశ్న మిగులుతుంది.

తెలుగులో దీనికి భిన్నమైన సంప్రదాయం లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో డేరాలతో, పరివారంతో కాశీకి వెళ్ళివచ్చి రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన అభ్యుదయవాది కాదు. కంపెనీ దొరల కొలువులో ఉన్న మనిషి, వర్ణవ్యవస్థని ప్రశ్నించినవాడూ కాదు. అయినా ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ మజిలీలో సరుకు దొరుకుతుంది, దారి ఎలాంటిది, బోయీలు ఎక్కడ ఇబ్బంది పడ్డారు అన్నవి వదలకుండా రాశాడు. పల్లకీలో కూర్చున్నవాడి రచనలో పల్లకీ మోసినవాళ్ళు కనిపిస్తారు. నూట తొంభై ఏళ్ళ తర్వాత విమానంలో వెళ్ళినవాళ్ళ రచనల్లో కనిపించడం లేదు.

అమెరికాలో తయారైన 'మనుషుల్లేని అడవి' అన్న భావన అక్కడే ఆగిపోలేదు. దాన్ని మనవంటి దేశాలకి దిగుమతి చేస్తే అడవి మీద బతికే పేదల నోట మట్టి పడుతుందని రామచంద్ర గుహ 1989లోనే ఒక వ్యాసంలో వాదించాడు. ఇందుకు మనం ఎక్కువ దూరం వెళ్ళనక్కరలేదు. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత పులుల అభయారణ్యం వచ్చాక నల్లమలలో చెంచు పెంటల భవితవ్యం వివాదంలో పడింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఆ వివాదం సమసిపోలేదు. మరోవైపు మన్ననూరు దగ్గర జీపెక్కి ఫరహాబాదు దాకా అడవి చూసి వచ్చే విహారయాత్రికులు పెరిగారు. వాళ్ళూ రాస్తున్నారు. నేను చదివినవాటిలో పులి అడుగు గురించి ఉంది, లోయ మీద పొగమంచు గురించి ఉంది. దారి పక్కన పెంట గురించి ఒకదాంట్లో మాత్రం ఒక వాక్యం కనిపించింది: చెంచు పిల్లలు చెయ్యి ఊపారట. వాళ్ళ ఇల్లు అక్కడ ఎన్నాళ్ళు ఉంటుందో ఆ రచయిత అడిగి తెలుసుకుని ఉంటే, ఆ వ్యాసం నేను పిల్లలకి చదివి వినిపించేవాణ్ణి.